పేరు రాయని డిస్కు

హాప్సాలు మ్యూజియం నేలమాళిగలో
వైకె ఒక్కొక్క డిస్కునీ అంచులు పట్టి తీస్తుంది,
పెనం మీంచి పల్చటి అట్టును లేపినట్టు.
బయట సముద్రం గడ్డకట్టింది.
జనవరి. నాలుగింటికే చీకటి.

ఇరవై రెండేళ్ల కిందట ఎండెల్
పడవెక్కి దీవులన్నీ తిరిగి
ముసలివాళ్ల మాటలు పోగుచేశాడు.
టేపుల్ని నమ్మేవాడు కాదు, సాగుతాయని, చిక్కుపడతాయని.
డిస్కుల డబ్బా మీద అచ్చేసి ఉంది: వందేళ్లు.
ఆ అంకెను ప్రామిసరీ నోటులా దాచుకున్నాడు.

ఎంత జాగ్రత్త మనిషి!
ప్రతిదాని నుదుటా నల్ల మార్కరుతో, గుండ్రటి అక్షరాల్లో
పేరు, దీవి, తేదీ,
ఆ రోజు గాలి ఎటునుంచి వీచిందో కూడా.

డ్రైవు డిస్కును మింగింది.
గుర్రుమంది. ఆగింది. మళ్లీ మొదలెట్టింది,
చెప్పబోయేది మరిచిపోయి గొంతు సవరించుకునే మనిషిలా.
తెర మీద తప్పుల లెక్క.
దిద్దుకోగలిగినవి కొన్ని,
ఆ తర్వాత అన్నీ దిద్దుకోలేనివే.

వైకె దాన్ని దీపానికి అడ్డంగా పట్టింది.
సరిగ్గా సాల్మె అన్న పేరున్న చోట
వెలుతురు సూదుల్లా దూరి వస్తోంది.
ఇంకులోని ద్రవం లక్కపూతలోకి దిగి,
ఏళ్లకేళ్లు దిగుతూనే ఉండి,
వెండిపొరను తినేసింది, దాని కింది రంగును తినేసింది.
నుదుటి రాత అంటాం కదా ఊరికే.
పేరు మిగిలింది. సాల్మె గొంతు పోయింది.

పదిహేడు తీస్తే పదకొండు ఇలాగే.

అట్టపెట్టె అడుగున మరొకటి,
చవక రకం, తొడుగైనా లేదు, వీపంతా గీతలు,
మీద ఒక్క అక్షరం లేదు.
పారేయబోయి, ఎందుకో లోపలికి తోసింది.

ఒక్క తప్పూ లేదు.

ఎవరో ఒకావిడ చేపలు లెక్కపెడుతోంది.
పన్నెండు, పదమూడు... పక్కనెవరో ఏదో అన్నారు,
నవ్వింది, లెక్క తప్పింది, వాళ్లను తిట్టింది,
మళ్లీ ఒకటి నుంచి.
వెనక కుక్క. కిర్రుమన్న తలుపు.
చివర్లో ఎండెల్ గొంతు: మీ పేరు చెప్పండమ్మా.
"నా పేరా? ఊరంతటికీ తెలుసు."
అక్కడికి అయిపోయింది.

వైకె మూడు చోట్లకు కాపీ చేసింది.
ఫైలుకి పేరేమిటని కంప్యూటరు అడిగింది.
మీటల మీద వేళ్లుంచి చాలాసేపు కూర్చుని
ఊరంతటికీ తెలుసు, అని కొట్టింది.

ఐదేళ్లకు మళ్లీ తీసి వినాలి, మళ్లీ కాపీ చెయ్యాలి.
తను కాకపోతే ఇంకెవరైనా.
గోడ క్యాలెండరు చివరి పేజీలో
ఆ మాట రాసుకుంది,
పెన్సిలుతో.