బల్లకాలి కింద

గురువారం సాయంత్రం ఫైర్ స్టేషన్ మేడమీద
మేము తొమ్మిదిమంది.
కింద ఎర్ర లారీని కడుగుతుంటారు,
పైన మేము జిగురులో వేళ్ళు ముంచుతుంటాం.
కార్కు ఫ్యాక్టరీ వాళ్ళు పారేసిన పలచటి రేకులు
బస్తాడు మోసుకొచ్చింది దియొలింద.
ముప్ఫై ఏళ్ళు బడిలో కాపీలు దిద్దిన మనిషి
ఇప్పుడు మమ్మల్ని దిద్దుతోంది:

"ఒంటరి అన్న మాట రాయకండి.
త్వరగా కోలుకోండి అనొద్దు, కొన్నింటికి కోలుకోవడం ఉండదు.
దేవుణ్ణి లాగకండి, ఆయనతో వాళ్ళ లెక్కలు వేరు.
నల్ల సిరా. పెద్ద అక్షరాలు.
మెరుపు పొడి వద్దు, రొట్టెకి అంటుతుంది."

ఇల్దాకి ఎనభై ఒకటి. అందరికంటే సన్నగా కత్తిరిస్తుంది.
పంపాల్సినవాళ్ళ జాబితాలో ఆమె పేరూ ఉంది.
ఆమె కార్డు, ఆమె బాత్రూముకి లేచినప్పుడు చేస్తాం.

నేను రొట్టెల బండి తోలేవాణ్ణి.
నా వేళ్ళు స్టీరింగుకి పుట్టినవి, కత్తెరకి కాదు.
పక్కన పదహారేళ్ళ దువార్తె,
బడి లెక్కలో సేవ గంటలు నింపడానికి వచ్చినవాడు,
పావుగంటలో పిచ్చుకని చేస్తాడు.
చూస్తే కిటికీ మూసేయాలనిపిస్తుంది.
నేను చేసిన పిచ్చుక
బంగాళాదుంపకి ముక్కు మొలిచినట్టుంది.
ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

అల్గార్వె కొండల్లో, సముద్రం కనపడనంత లోపల
నేను తిరిగే పల్లెలు పద్నాలుగు.
కొన్నిటిలో పొగ లేచేది ఒక్క ఇంటినుంచే.
తలుపు పిడికి గుడ్డ సంచి వేలాడుతుంటుంది.
రొట్టె వేసి, హారన్ రెండుసార్లు కొట్టి, వెళ్ళిపోతాను.
ఏళ్ళ తరబడి అంతే.
చాలామటుకు సంచులే తెలుసు, మనుషులు తెలీదు:
నీలం చారల సంచి, మాసిక మీద మాసిక వేసిన సంచి,
మూడు ముళ్ళు వేసుకున్న అనుమానపు సంచి.
ఇప్పుడు రొట్టెతోబాటు ఓ కార్డు.

నా బంగాళాదుంపని ఎవరికివ్వను?
చిట్టచివరి ఇంటికి. జుల్మీరాకి.
ఎనభై తొమ్మిదేళ్ళు, చూపు ఆనదని విన్నాను.
అదే నా ధైర్యం.

మూడు వారాలు, మూడు కార్డులు.
నాలుగో వారం వాన.
సంచి తడిసిపోతుందని తలుపు తట్టాను.
"కాళ్ళు తుడుచుకుని రా. ఆ బల్లమీద పెట్టు."
పెట్టాను. వంగి చూశాను, ఎందుకో.
పొట్టికాలి కింద
నాలుగు మడతలై, నా పిచ్చుక.
దాని కింద గులాబీ అనుకుని గీసిన గులాబీ.
దాని కింద, 'ఆదివారం ఎండ కాయాలి' అన్న
నా వంకర అక్షరాలు.

నా మొహం చూసినట్టుంది
(చూపు ఆనదన్నవాడెవడో అబద్ధాలకోరు).
"చదివాను," అంది. "చదివాకే పెట్టాను.
మా ఆయన పోయిన ఏటినుంచీ కుంటుతోంది ఇది.
పదకొండేళ్ళు సూపు ఒకేవైపు ఒలికింది.
ఆ బంగాళాదుంపలు గీసేది నువ్వేనా?"

పిచ్చుకలు, అన్నాను.

"సరే, పిచ్చుకలు," అంది,
బేరం తెగక చిల్లర వదిలేసినట్టు.

కాఫీ పెట్టింది. అంచుదాకా పోసింది.
పోసి, చెయ్యి తీసేసి, నన్ను చూసింది.
కప్పు నిండుగా నిలబడింది.
ఒక్క చుక్క తొణకలేదు.

అప్పుడే గాలికి కిటికీ టకటకలాడింది.
ఇద్దరం అటు తిరిగాం.
ఎవరం ఏమీ అనలేదు.

మళ్ళీ గురువారం.
"ఇంత మందమా? కార్డు చేస్తున్నావా, ఇటుక చేస్తున్నావా?"
దియొలింద కళ్ళద్దాలు కిందికి దించింది.
కొలత ఉంది టీచర్, అన్నాను.
వచ్చేటప్పుడు సందులో వేలు పెట్టి చూశాను,
చిటికెన వేలు గోరుదాకా దూరింది.

దువార్తె మూడు రేకులు కలిపి అంటించాడు.
బొమ్మ మాత్రం నేనే వేస్తానన్నాను.
లోపల ఏం రాయాలో ఇంకా తోచలేదు.
తొందరగా ఏదో ఒకటి గీకెయ్యడానికి లేదు,
చదివాకే కదా పెడుతుంది.