ఐదో కాలు

పుంతా అరేనస్‌లో గాలి లేచిందంటే
మనుషులే కాదు, కరెంటు స్తంభాలూ వంగి నడుస్తాయి.
ఆ ఆగస్టు రాత్రి
అప్‌డేట్ అరవై రెండు శాతం దగ్గరుండగా
మా వీధి మొత్తం ఒక్క రెప్పపాటులో ఆరిపోయింది.
బ్యాటరీ ముసలిది. చార్జరు తీగ పట్టుకుని బతుకుతోంది.
తీగలోనే ప్రాణం లేకపోతే అదేం చేస్తుంది పాపం.

తెల్లారి చూస్తే
ఉలుకు లేదు, పలుకు లేదు.
పచ్చదీపం వెలుగుతుంది, తెర నల్లగానే ఉంటుంది,
లోపల దీపముండీ తలుపు తియ్యని ఇల్లులా.

అది యెర్కోది. మా పెద్దమ్మ కొడుకు.
అడక్కుండా తెచ్చాను.
అతని పీతల పడవ శనివారం ఒడ్డుకొస్తుంది.
ఇవాళ బుధవారం.

నెలీదా బర్రీయా కొట్లో
ముందు కుట్టుమిషన్లు, వెనక రేడియోలు,
మధ్యలో కిరోసిన్ పొయ్యి మీద కెటిల్.
ఆమె ఆటపెట్టెని చెవి దగ్గర పెట్టుకుని
పుచ్చకాయ కొనేవాళ్ళలా వేలితో తట్టింది.
"చావలేదు," అంది. "తనెవరో మరిచిపోయింది.
మనిషైతే మొహాన నీళ్ళు కొడతాం.
దీన్ని లేపాలంటే
దీనికంటే ఎక్కువ మరిచిపోయినవాడొకడు కావాలి."

సొరుగులోంచి ఇంకో బ్యాటరీ తీసి
అతుకు వెంట కత్తిమొన దింపి
వేరుశనక్కాయ ఒలిచినట్టు రెండు చెక్కలు విప్పింది.
లోపల గోరంత పచ్చ పలక,
దాని మీద బియ్యపుగింజంత నల్ల చిప్పు. ఎనిమిది కాళ్ళు.
భూతద్దం నా చేతికిచ్చి
"లెక్కపెట్టు. ఐదోది చూపించు."
నా వేలు వణికింది. నాలుగా, ఐదా?
"చుక్క దగ్గర్నుంచి మొదలెట్టరా, మొద్దూ."

పదహారేళ్ళప్పుడు ఆమె పీతల ఫ్యాక్టరీలో చేసిందట.
ఎర్రటి కాళ్ళు, ముళ్ళ కాళ్ళు,
రోజుకి ఎన్ని విరిచేదో తనకే లెక్క లేదట.
"అక్కడ విరవడానికే జీతం.
ఇక్కడ విరవకూడదు. కాస్త పైకి లేపాలి, అంతే.
విరిగిన కాలు మళ్ళీ నేల తొక్కదు."
సూదిమొన కాలికింద దూర్చి
ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను.
కెటిల్ ఒక్కటే ఈల వేసింది, మర్యాద తెలీకుండా.

వెంట్రుకవాసి.
అంతే ఎడం.

ఇకమీదట ఆ బ్యాటరీని నీ నంబరెంత అని అడిగితే
జవాబు ఉండదు. ఉత్త ఖాళీ.
ఆ ఖాళీని చూసి ఆటపెట్టె
పుట్టినరోజున తనని మొదటిసారి తాకిన చెయ్యనుకుంటుందట,
లోపలి గడియలన్నీ తీస్తుందట.
నంబరున్న బ్యాటరీలు వంద వచ్చి పిలిచినా పలకనిది
పేరూ ఊరూ లేనిదానికి లేచి నిలబడుతుందట.
ఇదెక్కడి న్యాయమో నాకప్పుడు అర్థం కాలేదు.
ఇప్పటికీ అంతంతే.

మెమరీ కార్డు గుచ్చి, బ్యాటరీ పెట్టింది.
స్విచ్ తొయ్యనేలేదు.
పచ్చదీపం దానంతటదే వెలిగి
తెర మీద తెల్లటి అక్షరాలు చీమల్లా పైకి పాకాయి.

నాకు ఆ బ్యాటరీ మీద ఆశ పుట్టింది.
అమ్ముతావా అన్నాను.
"దీంతో ఆడుకోలేవు," అంది.
"లేపడం ఒక్కటే వచ్చు దీనికి.
లేచాక ఏం చెయ్యాలో తెలీదు."
బిస్కెట్ డబ్బాలో దాచి మూత బిగించింది.
యెర్కో ముసలి బ్యాటరీనే మళ్ళీ లోపలికి తోసి
మూడు వేల పెసోలు తీసుకుని
ఒక వెయ్యి వెనక్కిచ్చింది, భూతద్దం పట్టుకున్న కూలి.

మెలకువొచ్చిన పెట్టె
ముందుగా తేదీ అడిగింది.
గోడ మీద క్యాలెండరు జూన్ దగ్గరే ఆగి ఉంది.
"ఏ రోజని పెట్టను?"
ఆమె టీ పోసుకుంటూ, వెనక్కి తిరక్కుండానే,
"మీ అన్న వచ్చేదెప్పుడు?"
శనివారం.
"అయితే దానికి ముందు ఏ రోజైనా ఫరవాలేదు."