మూడు థౌలు

తెల్లవారుజామున నాలుగింటికి రమ్మన్నాడు హుసేనప్ప.
ఎండెక్కితే మైక్రోమీటర్ కూడా అబద్ధమాడుతుందట.
తాడిపత్రి ఇంకా లేవలేదు.
పాలిష్ ఫ్యాక్టరీల రాతిదుమ్ము మాత్రం మేలుకునే ఉంది,
అందుకే బ్లాకు మీద తడి పంచె.

కోయంబత్తూరు నుంచి తెప్పించిన ఫోర్జ్‌డ్ పిస్టన్లు
నాపరాయి బండ మీద నాలుగు.
ఒక్కోదాన్నీ స్కర్టు దగ్గర పట్టి కొలిచి
నెత్తిన మార్కరుతో నంబరేశాడు.
మూడోది రవ్వంత లావు.
"మార్పిద్దామా?" అన్నా.
"యాల? దాని బోరు దానికి కోస్తా."

పాత పిస్టన్‌కు ఒకటిన్నర థౌ చాలేది.
ఎంత బిగువైతే అంత జోరని నా ఆశ.
బీడీ వెలిగించకుండానే నోట్లో పెట్టుకుని అన్నాడు:
"ఇది సాగగొట్టిన అల్యూమినియం, నాయనా,
కాగితే ఉబ్బుతాది.
సందియ్యకపోతే గోడను పట్టుకుంటాది,
మళ్ల ఇడ్సదు."
మూడు థౌలు.
నా తలవెంట్రుక ఒకటి పీకి కొలిచి చూపించాడు,
దాదాపు అంతే.

హెడ్డు బిగించే ముందు
మనవరాలి ఆకుపచ్చ బంకమట్టి
వాల్వు గుంటల్లో అద్ది,
క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి,
జున్నుముక్కలా బ్లేడుతో కోశాడు.
పల్చనైన చోట కొలిచి
"ఊ" అన్నాడు.

పదోరోజు స్టార్టు చేస్తే
టకటకటక,
డబ్బాలో గులకరాళ్లు.
నా గుండె జారింది. అంతా అప్పు తెచ్చిన డబ్బు.
హుసేనప్ప టీ గ్లాసు ఫెండరు మీద పెట్టి
నా వైపు చూడలేదు,
టెంపరేచర్ ముల్లు వైపు చూశాడు.

టీ సగమయ్యేసరికి
చప్పుడు ఎక్కడికి పోయిందో.
గ్లాసులో మిగిలిన సగం మాత్రం
సన్నగా వణుకుతోంది.