ఉల్టా మర

గువ్వలచెరువు ఘాటులో మొదలైంది చప్పుడు,
మూడో మలుపు దాటినాక.
కుడికాలు కిందికి తొక్కిన ప్రతిసారీ ఒక టక్,
పక్కింట్లో ఎవరో గడియ
వేసి, తీసి, మళ్ళీ వేసినట్టు.

పైన కోవా అంగడి ముందు దిగి
క్రాంకు పట్టుకొని ఊపితే
ఊడబోయే పాలపన్నులా కదిలింది.
ఆసుపత్రిలో రోజుకు నలభై ఎముకలకు ఎక్స్‌రే తీస్తాను.
ఈ ఇనుప కీలులో ఏముందో మాత్రం
చెప్పలేకపోయినాను.

ఏడురోడ్ల దగ్గర జిలానీ భాయ్
ఇరవై పళ్ళున్న చిన్న ఇనుప గిన్నె
గుడ్డలో చుట్టి ఇచ్చినాడు.
"మంగళారం షాపు తీసేలోపల తెచ్చియ్యాల సార్.
కుడిపక్క చూసుకో."
చైను గురించి అనుకున్నాను.

ఆదివారం. మే నెల.
వరండాలో కాలుతున్న నల్లబండ మీద పాత పేపర్లు.
స్తంభానికి తాడేసి కట్టిన సైకిలు,
మందు వెయ్యడానికి నిలబెట్టిన దూడలాగా.
క్రాంకులు వచ్చినాయి.
ఎడమ కప్పు పిలిస్తే వచ్చినట్టు వచ్చింది.
కుడిది రాలేదు.

కిరసనాయిలు పోసినాను.
సుత్తితో మర్యాదగా ఒకసారి, 
మర్యాద లేకుండా నాలుగుసార్లు కొట్టినాను.
పాత బోరుమోటారు పైపు ముక్క స్పానరుకు తొడిగి
ఒళ్ళంతా వేసి లాగితే
స్పానరు జారి వేలి కణుపు తోలు లేచింది.
గంట పట్టింది ఇదంతా.

పక్క పోర్షన్‌లో సుబ్బరత్నమ్మక్క
దోసెల బండికి ఎర్రకారం నూరుతా ఉంది.
మోచేతుల దాకా ఎర్రగా లేచి వచ్చింది.
"ఏందబ్బీ, పొద్దున్నుంచీ ఆ ఇనుముతో కొట్లాట?"
"మర పట్టేసిందక్కా."
వంగి చూసింది. పైపు చూసింది. నన్ను చూసింది.
"టేబుల్ ఫ్యాను రెక్క మింద టోపీ ఎట్ల ఇప్పుతావు?"
"ఉల్టా."
"ఎందుకు ఉల్టా?"
నాకు తెలీదు.
"తిరిగీ తిరిగీ దానంతట అది ఊడిపోకుండా.
ఇదీ తిరిగేదే కదా."

గంటసేపు నేను విప్పుతున్నది
బిగిస్తా ఉన్నానన్నమాట.
ఇప్పుడు దాన్ని పట్టుకున్నది
తుప్పు సగం, నేను సగం.

పైపును ముందు చక్రం వైపు తిప్పి పెట్టినాను.
అక్క కొంగు దోపి
ఒక కాలు పైపు మీద వేసింది.
ఏమీ కాలేదు.
రెండో కాలూ వేసి, నా భుజం పట్టుకుంది.
(ఆ కారం చెయ్యి అచ్చు ఇప్పటికీ
చొక్కా వదల్లేదు.)
కీచుమని ఒక అరుపు,
వీధికుక్క లేచి కూర్చుంది,
కప్పు కదిలింది.

లోపల్నుంచి గ్లాసులో పావువంతు నీళ్ళు,
ఎర్రమన్ను, ఒక చచ్చిన చీమ.
బుగ్గవంక పొంగిన రోజు
రోడ్డు మీద పారుతుంటే అందులోంచి తొక్కినాను.
ఆ వానను ఆరునెలలు
కాళ్ళ మధ్య మోసినానని తెలీదు.

కొత్తదానికి గ్రీజు పూసి
మొదటి మూడు చుట్లు వేళ్ళతోనే ఎక్కించినాను,
తొందరపడితే మర తింటుందని.
అక్క పాతదాని ఇరుసు రెండు వేళ్ళతో తిప్పి
చెవి దగ్గర పెట్టుకుంది.
"రాగులు ఇసిరినట్టుంది" అని
అడక్కుండానే తీసుకపోయింది.

తరువాతి ఆదివారం ఘాటులో
మూడో మలుపు. ఏమీ లేదు.
లారీ గేరు మార్చిన చప్పుడు, నా రొప్పు.
అయిదో మలుపులో సీటు కింద సన్నగా
కిర్.
లేచి తొక్కితే లేదు. కూర్చుంటే ఉంది.
సర్లే అనుకొని కోవా తిన్నాను.

సాయంత్రం చిన్నచౌకులో బండి దగ్గర
పార్శిల్ కట్టే కాయితాల దొంతి మీద
నా పాత బాటమ్ బ్రాకెట్ కూర్చొని ఉంది.
గాలి దుమారం. ఒక్క కాయితమూ లేవలేదు.
దోసె మడిచి ఇస్తా, తల ఎత్తకుండా
"మా ఫ్యాను కడగాల" అంది అక్క.
"టోపీ పట్టేసింది. రా, రేపు.
ఆ పైపు ముక్క కూడా తెచ్చుకో."