నాలుగు సీసాలు

చియాతురా వదలాలని తేల్చింది మేం కాదు,
నోదార్ ఊపిరితిత్తులు.
డాక్టరమ్మ ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి పట్టి
"ఇంకో ఊరు చూసుకోండి" అంది,
చెప్పు కరుస్తుంటే వేరే జత చూసుకోమన్నంత తేలిగ్గా.

ఇంటికొచ్చి నాలుగు సీసాలు కడిగాను.
ఆలూబుఖారా పచ్చడి పెట్టేవి.
కాగితం ముక్కలు అంటించాను:
కుతాయిసి, బతూమి, రుస్తావి, త్బిలిసి.
మంచి కనబడితే ఒక చిక్కుడు గింజ వెయ్యాలి,
చెడు కనబడితే ఒకటి తియ్యాలి.
వేసేది ఇద్దరం, లెక్క మాత్రం నాది.
ముప్ఫై ఒక్కేళ్లు రోప్‌వే నడిపినదాన్ని,
ఎంత బరువెక్కితే పెట్టె కదలకూడదో
తీగ మూలుగు విని చెప్పగలను.

బతూమిలో సముద్రం. రెండు గింజలు.
వాన, వాన, మళ్లీ వాన. ఒకటి వెనక్కి.
ఉప్పు గాలి రొమ్ముకి మంచిదంటాడు నోదార్.
నీతో గనిలో దిగిన వాజా అక్కడే
పదకొండో అంతస్తులో దగ్గుతున్నాడంటాను నేను.
ఆ గింజ కాసేపు మా ఇద్దరి వేళ్ల మధ్య నలిగింది.

త్బిలిసిలో పెద్దాసుపత్రి. మూడు.
అద్దె ఎంతో ఫోన్‌లో విన్నాక
మూడూ తీసి, సీసా వైపు చూశాను,
ఇంకా మాకే ఏదో బాకీ ఉన్నట్టు.

రుస్తావి నేలంతా చదును, మెట్లెక్కక్కర్లేదు.
నోదార్ గుప్పెడు పోశాడు, లెక్కపెట్టకుండా.
ఉక్కు ఫ్యాక్టరీ గుర్తుచేశాను.
పెనం మీంచి పొయ్యిలోకి దూకడానికా
ఇన్ని గింజలు?

దూరపు కొండలు నునుపంటారు.
రోజుకు నలభై సార్లు కొండెక్కి దిగినదాన్ని,
దగ్గరి కొండా నునుపే అనిపించే పూట ఒకటుంటుంది:
సాయంత్రం ఆఖరి పెట్టెలో ఎవరూ లేనప్పుడు,
కింద క్విరీలా నల్లగా, తొందరేం లేనట్టు పోతున్నప్పుడు.
దానికి ఏ సీసాలో వెయ్యాలి గింజ?

కుతాయిసి చూసొద్దామని బస్సెక్కాం.
రొట్టెల కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నాం.
ఒకావిడ వచ్చి మార్కెట్‌కి దారెటని అడిగింది.
తెలియదన్నాను.
ఆ మాట అని ఎన్నాళ్లయిందో!
తిరిగొచ్చేదాకా నాలుక మీదే ఉంది,
పాలపన్ను ఊడిన చోటులా.

గురువారం డ్యూటీ దిగి వచ్చేసరికి
సీసాలు నాలుగూ ఖాళీ.
పొయ్యి మీద కుండ కుతకుతమంటోంది,
వెల్లుల్లి, కొత్తిమీర, దంచిన అక్రోటు వాసన.
రాత్రే నానబోశాడట, నాకు చెప్పకుండా.
"నెల రోజుల లెక్క!" అన్నాను.
"ఉప్పు సరిపోయిందో లేదో చూడు" అన్నాడు.

తింటున్నాం. త్బిలిసిని, బతూమిని
రొట్టె ముక్కతో తుడుచుకుంటూ తింటున్నాం.
దగ్గొచ్చింది. ఆగింది. నీళ్లు తాగాడు.
అప్పుడడిగాడు, గిన్నెలోకే చూస్తూ:
"త్సియాలా, ఇన్నిటిలో
నీకోసం వేసుకున్న గింజ ఒక్కటైనా ఉందా?"

నిజంగా వెతికాను, స్పూనుతో తిప్పి తిప్పి.
ఎక్స్‌రే చూశాను, మెట్లు చూశాను,
అద్దె, ఆసుపత్రి, పొగ, తేమ చూశాను.
ఉడికాక అన్నీ ఒకేలా ఉన్నాయి.

"కుతాయిసిలో నది మీద చిన్న రోప్‌వే ఉంది" అన్నాడు.
"నువ్వు రొట్టె కొంటున్నప్పుడు వెళ్లి చూశాను.
మీటల దగ్గర కూర్చున్నావిడ కునుకు తీస్తోంది.
తీగకి నూనె పెట్టి ఎన్నాళ్లయిందో!"

"ఎటువైపు తీగ?" అన్నాను,
అంత తొందరగా అడగాలనుకోలేదు.

గిన్నెలు కడిగి సీసాలు నానబెట్టాను.
మూడు కాగితాలు వాటంతటవే ఊడొచ్చాయి.
రుస్తావిది మాత్రం
ఎంత గోకినా రావడం లేదు.