కొలతలు

పీణ్యలో తొమ్మిదేళ్లు కాలర్లు కుట్టాను.
గంటకు ఎనభై.
ఎవరి మెడకో తెలియని కాలర్లు.
కొలత తప్పితే సూపర్‌వైజరు
తడిబట్టలా పిండేవాడు.
నా ఒంటి కొలత తప్పిన సంగతి మాత్రం
నేనే పట్టుకున్నాను,
పాపకు పాలు మాన్పించిన నెలలో,
సబ్బు చేత్తో, కందిగింజంత.

"పాలు గడ్డకట్టి ఉంటాయి, మల్లెపూలు కట్టుకో" అంది అత్త.
కట్టుకున్నాను.
మల్లెలు వాడిపోయాయి.
కందిగింజ ఉసిరికాయ అయింది.

హోసూరు రోడ్డు ఆసుపత్రి. టోకెను నూట పద్నాలుగు.
"ఈ వయసులోనా?"
చీటీలు రాసే అబ్బాయి కూడా అడిగాడు.
ముప్పై ఒకటి అని మళ్లీ చెప్పాను,
ఏదో తప్పు చేసినదానిలా.

పక్క కుర్చీలో తబస్సుం. శివాజీనగర్. నాలుగో డోసు.
నాకంటే రెండేళ్లు చిన్నది,
ఈ జబ్బులో నాకు పెద్దది.
నాకు ఉర్దూ రాదు, ఆమెకు తెలుగు రాదు.
ఇద్దరికీ వచ్చిన కన్నడం
ఇద్దరిదీ వంకరే.
ఆ వంకర మాటల్లోనే చెప్పింది:
ఎర్రమందు ఎక్కిన రోజు ఒంటేలు ఎర్రగా వస్తుంది,
నేను కేకలు పెట్టాను, నువ్వు పెట్టకు.
స్టీలు చెంచా మానెయ్, నోరంతా తుప్పు.
నరం దొరక్కపోతే నర్సును తిట్టకు,
వేడినీళ్ల సీసా పట్టుకుని కూచో.
"ధైర్యంగా ఉండు" అన్నవాళ్లకు తల ఊపు,
తిట్టాలనుంటే వాళ్లను తిట్టు, లోపల.

ఆపరేషన్‌కు ముందురోజు నేనేమీ అడగలేదు.
తనే నా మణికట్టు పట్టుకుని
ఆడవాళ్ల బాత్రూంలోకి లాక్కెళ్లింది.
గడియ పడలేదు.
వీపుతో తలుపు ఆన్చి
బుర్ఖా గుండీలు, దాని కింద కమీజు గుండీలు విప్పింది.

కుట్టుపని చేసినదాన్ని.
మొదట చూసింది గాయాన్ని కాదు, కుట్టును.
చంక నుంచి నడిమి ఎముక దాకా ఒకటే గీత,
దారం పైకి కనిపించని పని.
చంక దగ్గర మాత్రం చిన్న ముడత,
గుడ్డ కాస్త మిగిలినట్టు.
"ముట్టుకో."
ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది.
ఎడమవైపు. గుండె మరీ దగ్గరగా కొట్టుకుంటోంది,
అవతల నుంచి ఎవరో తలుపు తట్టినట్టు.
నిజంగానే తట్టారు.
"ఎంతసేపమ్మా లోపల?"
నోళ్లు మూసుకుని నవ్వాం,
కుట్లు లాగుతాయని తను,
రేపట్నుంచి నాకూ లాగుతాయని నేను.

ఇప్పుడు ఫ్యాక్టరీ లేదు. గదిలో సొంత మిషను.
మెత్తటి నూలుగుడ్డ గుండ్రంగా కోసి
దూది నింపుతాను, దూది మధ్యలో రాగులు.
ఒట్టి దూదైతే బరువుండదు,
జాకెట్టు ఎగదన్నుతుంది.
హిందూపురం నుంచి అమ్మ పంపిన రాగులు,
సగం ముద్దకు, సగం వీటికి.
కూరగాయల తక్కెడలో తూస్తాను:
ఇది పొన్నమ్మది, మూడువందల గ్రాములు,
ఇది పావుకిలో, బ్యాంకులో పనిచేసే అమ్మాయిది.

తబస్సుం రాగులు తీయకుండా ఉతికి
మిద్దె మీద ఆరేసి మర్చిపోయింది.
వాన పడింది. మూడోనాటికి
కుట్ల సందుల్లోంచి మొలకలు.
ఆశ అనీ, చిగురు అనీ మేమెవరం అనలేదు.
"కంపు కొడుతోందే, కొత్తది కుట్టివ్వు" అంది.
కుట్టిచ్చాను. డబ్బులు తీసుకోలేదు,
దానికి పోట్లాడింది.

తబస్సుంకి మళ్లీ మొదలైంది, ఈసారి వెన్నులో.
కొత్తవాళ్లకు మేమై చెప్పం.
అడిగితే దాచం.

ఈ సోమవారం కిటికీ దగ్గర ఒక పిల్ల,
చేతికి గోరింటాకు ఇంకా పూర్తిగా పోలేదు.
"ఈ వయసులోనా?" అంటున్నాడు అదే అబ్బాయి.
ఇరవై నాలుగు, అంటోంది తమిళంలో,
నేల వైపు చూస్తూ.
నాకు తమిళం రాదు.
లేచాను.

బాత్రూం గడియ ఇంకా బాగుచేయలేదు.
పరవాలేదు.
ఒక చేత్తో తలుపు పట్టుకుని
ఇంకో చేత్తో హుక్కులు తీయడం
అలవాటైంది.