షేడ్ నంబరు

నా పని, ఇంకా లేనివాటికి
వెలుతురూ నీడా పెట్టడం.
మాసాబ్‌ట్యాంక్ ఆఫీసు, నాలుగో అంతస్తు,
ఏసీ చలికి స్వెటరేసుకుని
మూసీ ఒడ్డున చెట్లు నాటుతుంటాను,
ఒక్క క్లిక్కుకి పన్నెండు.

ఈసారి వచ్చిన జాగా నాకు తెలుసు.
చాదర్‌ఘాట్ దాటినంక కుడివైపు పల్లం,
కప్పు కూలిన షెడ్డు, మసిబారిన పొగగొట్టం.
ఫైల్లో దాని పేరు పార్సెల్ సి.
మా ఇంట్లో దాని పేరు కార్ఖానా.
గుల్‌రంగ్ డయింగ్ వర్క్స్‌లో
మా నాయిన ఇరవై ఆరేళ్ళు నూలు ముంచాడు.

బాయిలర్ ఉన్నచోట కాఫీ షాపు పెట్టాను.
రంగు తొట్ల చోట పిల్లలు తడిసే ఫౌంటెన్లు.
పైన రెండంతస్తుల ఆఫీసులు, అన్నీ అద్దాలు.
ఖాజామియా సైరన్ కొట్టిన గది
ఇప్పుడు పడవ షికారుకి టికెట్ కౌంటరు.
పొగగొట్టం మాత్రం ఉంచమన్నారు, దీపాలు చుట్టి.
"టూరిస్టులకు ఒక కథుండాలి కదా" అన్నాడు మా సారు.

నేనేమీ అనలేదు.
నిజం చెప్పాలంటే నాకు నచ్చింది.
చున్నీతో ముక్కు మూసుకుని
ఆ వంతెన మీదుగా బడికి నడిచినదాన్ని.
నాకంటే ఎక్కువ ఎవరికి కావాలి
కంపు కొట్టని నది?

నీళ్ళ దగ్గరే చెయ్యి ఆగింది.
పెట్టె తెరిస్తే నూట ఎనభై నీలాలు.
ఒకటి పోసి, ఇంటికి తీసుకెళ్ళి చూపించాను.
నాయిన అద్దాలు తుడుచుకుని
లాప్‌టాప్‌ని తడి చిలప లెక్క
కిటికీ వెలుతురుకి వంచి చూశాడు.
"గిదే షేడు బిడ్డా? నంబరెంత?
మా కార్డుల గీ నీలం లేకుండె."

ఆయనకు నదే క్యాలెండరు.
ఎర్రగా పారితే పెళ్ళిళ్ళ ఆర్డరు.
పచ్చగా పారితే జెండాల గుడ్డ.
నల్లగా పారితే తొట్లు కడిగిన రోజు,
అంటే జీతం రోజు.
ఏ రంగూ లేకుండా పారింది ఒక్కసారే,
సమ్మెప్పుడు. నలభై రోజులు.
ఆ నలభై రోజులూ అప్పు బియ్యం.

"మేమే గద పాడు జేసింది" అన్నాడు,
లెక్క ఒప్పజెప్తున్నట్టు.
"కొంచెం మేము, ఎక్కువ మా సేటు,
మిగిలింది పట్నం మొత్తం.
కడుగుతమంటే కడుగనీ.
గని, గీ మనుషులెవ్వరు?"

వాళ్ళు రెడీమేడ్‌గా వస్తారు నాయినా.
సైకిల్ మీద బంగారు జుట్టు పిల్ల,
బొచ్చుకుక్కతో పొడుగాటి మనిషి.
ఒక్కరి నీడా సరిగ్గా నేలకు ఆనదు.

షెడ్డు వెనక గడ్డి పెంచి
బర్రెలవాళ్ళకు మోపులమ్మే బుచ్చవ్వ
ఆ పెట్టెలో లేదు.
పోయిన వారం ఎవరో వచ్చి
ఆమె గోడ మీద ఎర్రంకె వేసిపోయారు.
ఆ ఎరుపు మాత్రం నాయిన గుర్తుపట్టాడు.
"పక్కా రంగు. ఉతికినా పోదు."

ఆ రాత్రి ఆయన ఫోటో ఒకటి కత్తిరించి
రెయిలింగ్ పక్కన నిలబెట్టాను.
గళ్ళ లుంగీ, భుజం మీద తువ్వాలు,
పదేళ్ళయినా నీలం వదలని గోళ్ళు.
నీడని కాళ్ళకు అతికించడానికి గంట పట్టింది.

పొద్దున సారు స్క్రీన్ పెద్దది చేసి చూశాడు.
"ఎవరీయన? సెక్యూరిటీనా?"
నోట్లోంచి అవునని వచ్చేసింది.
"అయితే యూనిఫాం వెయ్యి."
వేశాను. ఖాకీ చొక్కా, విజిలు.
చేతులు ముట్టుకోలేదు.

వంతెన దగ్గర ఫ్లెక్సీ కట్టిన రోజు
నాయిన బస్సెక్కి వెళ్ళి చూసొచ్చాడు.
చొక్కా గురించి అడగలేదు.
చెప్పులు విడిచి, కుండలో నీళ్ళు ముంచుకుని,
సగం తాగి ఆగాడు.
"పడవ టికెట్ ఎంతుంటదంట?"

ఆ పలకమీద అంకె చోటు
ఖాళీగానే వదిలాను నేను.
ఇంకా ఖాయం కాలేదన్నాను.